ఉస్తాద్ చెవికి నేను పెట్టిన పరీక్ష

మూడేళ్ళ పాటు ఒక మనిషి నోట ఒకే ఒక్క మాట వినాలని తిరిగాను. "వచ్చింది" అన్న మాట. ఆయన అనలేదు. అననందుకు ఆయన్ని నేనేం చేశానో ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే మనసు తేలికవుతుందని కాదు. మా ఆర్కెస్ట్రా వాళ్ళు, మా ఇంట్లోవాళ్ళు, చివరికి ఆయన కూడా నన్ను మంచివాడంటుంటే ఒళ్ళు మండుతోంది, అందుకని.

ఆయన కర్నూలు పాతబస్తీలో రేడియో మెకానిక్. పగలు అంగట్లో రేడియోలు, టేపు రికార్డర్లు, తర్వాత్తర్వాత హోం థియేటర్లు విప్పి బిగించేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. వేళ్ళు బిగుసుకుపోయాక గిటారు మానేసి, అదే ఆర్కెస్ట్రాలో సౌండు చూసుకునే పనికి మారాడు. కర్నూలు నుంచి కడప దాకా పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. నేనూ అంతే. పదిహేనేళ్ళ వయసులో, మా నాన్న పురుగుమందుల అంగడిలో ఉండే రేడియో పాడైతే బాగు చేయించడానికి మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. రేడియో వారంలో బాగైంది. నేను మాత్రం ఆ అంగడి వదల్లేదు. ఆయన దగ్గరే గిటారు నేర్చుకుని, ఆయన మానేశాక ఆ ఆర్కెస్ట్రాలో గిటారు నేనే పట్టుకున్నాను.

ఆ రోజు అంగట్లో ఒక క్యాసెట్ మోగుతోంది. ఎవరో టేపు రికార్డరు రిపేరుకిచ్చి, లోపల క్యాసెట్ మరిచిపోయి, మళ్ళీ రాలేదట. అందులో ఎవరో దొర గిటారు వాయిస్తున్నాడు. ఆ దొర పేరు ఇక్కడ రాయను. గిటారు పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన పేరే. పాట మధ్యలో అరనిమిషం పాటు గిటారు ఒక్కటే వస్తుంది. అది వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఉస్తాద్ నా వంక చూసి, నవ్వకుండా, ఏమీ అడగకుండా, క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఆ ఒక్క పనికే ఆయనంటే నాకు ప్రాణమైపోయింది.

ఆ సౌండు కోసం ఉస్తాద్ పాత రేడియోల్లోంచి గాజు వాల్వులు పీకి, ప్లైవుడ్ పెట్టెలో బిగించి, సొంతంగా ఒక యాంప్లిఫయరు కట్టుకున్నాడు. ఎండాకాలం పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే వోల్టేజి పడిపోయేది. స్టేజీ మీద బల్బులు ఎర్రగా మినుకుమినుకుమనేవి. మిగతా వాయిద్యాలన్నీ నీరసపడిపోయేవి గానీ ఉస్తాద్ పెట్టె మాత్రం అప్పుడే అచ్చం ఆ క్యాసెట్లో మాదిరి పలికేది. తీగ గట్టిగా మీటితే సౌండు ఒక్క క్షణం లోపలికి అణిగి, తర్వాత లేచేది. బయటి దేశాల్లో కొందరు గిటారిస్టులు కావాలనే కరెంటు తగ్గించుకుని వాయించేవాళ్ళనీ, అందుకోసం పనిగట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్లు కొనేవాళ్ళనీ కొన్నేళ్ళ తర్వాత నేనెక్కడో చదివాను. ఆ సంగతి చెబితే ఉస్తాద్, "మనకు కరెంటోళ్ళు ఊరికే ఇచ్చిరి గదప్పా!" అని పడీపడీ నవ్వాడు.

తర్వాత ఆ పెట్టె కాలిపోయింది. లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు రెండుసార్లు తీగ చుట్టాడు. మూడోసారి వాల్వులే పోయాయి. అలాంటి వాల్వులు ఇప్పుడు దొరకవు. క్యాసెట్ కూడా అరిగి, చుట్టుకుని, తెగింది. ఆ సౌండు ఇక ఉస్తాద్ చెవిలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

అప్పుడు నేను డబ్బా కొన్నాను. డబ్బా అని మేం పిలుచుకునేది గానీ, అది ఒక చిన్న కంప్యూటరు. పాతకాలపు యాంప్లిఫయర్లు ఎలా మోగేవో లెక్కలు కట్టి దానిలో పెట్టారు. గిటారు దానికి తగిలించి, ఏ యాంప్లిఫయరు కావాలో, ఏ స్పీకరు కావాలో, దాని ముందు మైకు ఎంత దూరంలో ఉన్నట్టు వినపడాలో తెర మీద ఎంచుకోవచ్చు. కల్లూరులో మా ఇంటి పై గదిలో, అప్పటికి పెళ్ళి కూడా కాని నేను, మూడేళ్ళు ఆ డబ్బాతో కాపురం చేశాను. మైకును తెర మీద ఒక అంగుళం ఇటు జరిపి వినడం, అర అంగుళం అటు జరిపి వినడం. కింద మా అమ్మ అన్నానికి పిలిచేది, నేను పలికేవాణ్ణి కాదు. పలికినా కసురుకునేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇంట్లో అందరికీ అలవాటే.

నేను చేసిన సౌండ్లు నెట్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు. అచ్చం దొర వాయించినట్టే ఉందన్నారు. వాళ్ళ మెప్పు నాకెందుకు? నేను ఏడ్చిన రోజు ఆ అంగట్లో ఉన్నది ఉస్తాద్ ఒక్కడే. ఆ సౌండు "వచ్చింది" అని ఆయన నోటితో అనాలి. అంతే నాకు కావలసింది.

నెలకోసారైనా ఆయన్ని షేర్ ఆటోలో కల్లూరు పిలిపించుకునేవాణ్ణి. ఆయన మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, ఫ్యాను కట్టేయమని, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నేను ఆ అరనిమిషం ముక్క వాయించేవాణ్ణి. వాయించడం అయిపోయాక "రాలేదప్పా" అనేవాడు.

"ఏం తక్కువైంది ఉస్తాద్?"

"తక్కువ కాదప్పా, ఎక్కువైండాది. నువ్వు కొట్టీ కొట్టకముందే నీ డబ్బా పలుకుతాంది. అది ఒక గుక్క మింగి పలకాల. శానా తొందరగా ఉండాది నీ డబ్బాకు."

మొదటి ఏడాది ఆ మాట శ్రద్ధగా విన్నాను. రెండో ఏడాది పళ్ళు కొరుక్కుంటూ విన్నాను. మూడో ఏడాది నాకొక అనుమానం పుట్టింది. ముప్పై ఏళ్ళు స్పీకర్ల పక్కన నిలబడ్డ మనిషి. అరవై దాటాయి. అసలు ఈయనకు వినపడుతుందా? అనుమానం పుట్టాక ఆయన ఏం చేసినా నాకు చెవుడుగానే కనిపించింది. ఏదైనా రెండోసారి అడిగితే, అదిగో అనుకునేవాణ్ణి. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తిరక్కపోతే, చూశావా అనుకునేవాణ్ణి. ఆయనకు చెవుడు రావాలని కోరుకున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, కోరుకున్నాను. ఆయన చెవి చెడిపోతేనే నా సౌండు బాగున్నట్టు.

ఉస్తాద్ సౌండు చూసే పద్ధతి ఒకటి ఉండేది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రోగ్రాంకు ముందు మేం స్టేజీ మీద ఒక్కో వాయిద్యం వాయించి చూపిస్తాం. వేరే సౌండు వాళ్ళు, సౌండ్లన్నీ కలిపి సరిచేసే మిక్సరు దగ్గరే కూర్చుని వింటారు. ఉస్తాద్ అలా కాదు. కుర్చీలన్నీ దాటి, షామియానా దాటి, కడపటికి పోయి నిలబడతాడు. డ్రైవర్లు, వంటవాళ్ళు, పిలుపు లేకుండా పాట వినడానికి వచ్చినవాళ్ళు నిలబడే చోటు అది. "ముందు కుర్చీలో కూర్చున్నోడు చుట్టం. ఎట్ల మోగినా బాగుండాదనే అంటాడు. ఆడ నిలబడినోనికి నచ్చాల" అనేవాడు. నచ్చితే భుజం మీది ఎర్ర టవలు రెండు చేతులతో విప్పి తల మీదికి ఎత్తి పట్టేవాడు. నచ్చకపోతే టవలు ఒక్కసారి విదిలించి మళ్ళీ భుజాన వేసుకునేవాడు. టవలు పైకి లేవందే మా ఆర్కెస్ట్రా పాట మొదలుపెట్టదు. పెళ్ళివాళ్ళు తొందరపెట్టినా సరే, ఓనరు కూడా ఆ టవలు కోసమే చూసేవాడు.

కోయిలకుంట్లలో ఒక కాంట్రాక్టరు ఇంటి రిసెప్షన్. సాయంత్రం నాలుగు, ఎండ ఇంకా తగ్గలేదు. కుర్చీలకు ఎర్ర గుడ్డలు తొడుగుతున్నారు. నా ఫోనులో ఒక ఫైలు ఉంది. నెట్‌లో దొరికింది. దొర పాటలోంచి డ్రమ్ములు, గొంతు, మిగతావన్నీ తీసేసి, ఆయన వాయించిన గిటారును మాత్రం మిగిల్చిన ఫైలు అని రాసి ఉంది. లక్షలమంది విన్నారు. నేను ఫోనుకు వైరు తగిలించి మిక్సరుకు కలిపాను. నా గిటారు సౌండు పూర్తిగా తగ్గించేశాను. కీబోర్డు వాయించేవాడికి ముందే చెప్పి ఉంచాను, వాడు తన ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఫైలు నొక్కి, గిటారు మీద వేళ్ళు ఆడించాను. ఆ ముక్క నాకు నిద్రలో కూడా వచ్చు, ఒక్క వేలు తప్పు పడలేదు.

వెనక, ట్రాక్టర్ల పక్కన, ఉస్తాద్ టవలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ విదిలించాడు. మూడోసారి పెడితే, పాపం, నాలుగు వరుసలు ముందుకు వచ్చి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. వీడియోలో అది బాగా పడింది. విని, తల అడ్డంగా ఊపి, టవలు విదిలించాడు.

నేను మైకు తీసుకున్నాను.

"ఉస్తాద్, ఇప్పుడు మోగింది నాది కాదు. నా గిటారు బందై ఉండాది. ఇది రికార్డు. ఆ దొర వాయించిందే. దొరకే రాలేదంటాండాడప్పా మా ఉస్తాద్!"

నవ్వులు. ముందు మా వాళ్ళు, తర్వాత గుడ్డలు తొడిగేవాళ్ళు, చివరికి ఆయన చుట్టూ ఉన్న డ్రైవర్లు, వంటవాళ్ళు. ఎవరికి నచ్చాలని ఆయన ఎండలో అంత దూరం నడిచిపోయేవాడో, వాళ్ళే నవ్వారు. అక్కడితో ఆపి ఉండొచ్చు. నేనాపలేదు. మూడేళ్ళ కోపం, ఊరికే పోతుందా?

"చెవులు పోయినాక టవలెందుకు ఉస్తాద్, మొగం తుడుచుకోను పెట్టుకో" అన్నాను మైకులోనే.

ఆయన కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను కూడా. ఆయన కింద నిలబడి, నాకు మాత్రమే వినపడేట్టు, "అది ఆయప్ప వాయించింది కాదప్పా" అన్నాడు.

"రికార్డే కాదంటాండాడు!" అని మైకులో అరిచాను. ఈసారి ఓనరు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం టవలు లేవకుండానే పాట మొదలైంది. ఉస్తాద్ ప్రోగ్రాం అయ్యేదాకా మిక్సరు దగ్గరే ఉండి తన పని తాను చేశాడు. వ్యానులో తిరిగి వస్తుంటే కిటికీ పక్కన కూర్చున్నాడు. టవలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని, వీడియో ఎవరెవరికి పంపాలో చూసుకుంటున్నాను.

పంపాను. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం, పాడేవాళ్ళ గ్రూపుల్లో, వాయించేవాళ్ళ గ్రూపుల్లో, సౌండు వాళ్ళ గ్రూపుల్లో అది తిరిగింది. చెవి వెనక చెయ్యి పెట్టుకున్న ఉస్తాద్ బొమ్మ కింద జనం ఏమేమో రాశారు. నెల తిరక్కుండా ఓనరు నన్ను పక్కకు పిలిచి, "ముసలాయన్ను ఇంక తిప్పలు పెట్టేది యాల? సౌండు కూడా నువ్వే చూసుకో. నీకు కంప్యూటరు తెల్సు గదప్పా" అన్నాడు. నేను ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పైగా, ఆయనకు విశ్రాంతి కావాలి లెండి అన్నాను. అంత మర్యాదగా మాట్లాడానని మా ఓనరు ఇప్పటికీ చెబుతుంటాడు.

సౌండు నా చేతికి వచ్చాక మొదటి పెద్ద ప్రోగ్రాం ఒంటిమిట్ట దగ్గర, ఉత్సవాలప్పుడు. నేను మిక్సరు వదిలి కదల్లేదు. నాకు హెడ్‌ఫోన్లున్నాయి, తెర ఉంది. వెనక నిలబడ్డ భక్తులు అరగంట చూసి, పాటలో ఒక్క మాటా అర్థం కాక, ప్రసాదాల వైపు వెళ్ళిపోయారు. స్పీకర్లు పాతవైపోయాయని ఓనరుకు చెప్పాను. ఆయన నమ్మాడు.

ఉస్తాద్ అంగడి సంగతి వాళ్ళ ద్వారా వీళ్ళ ద్వారా తెలిసేది. ఇదివరకు ఏ స్పీకరైనా బాగు చేసి, ఒకసారి మోగించి, తీసుకుపొమ్మనేవాడు. అడిగే అలవాటే లేదు. ఇప్పుడు వచ్చినవాళ్ళను, "గరగర పోయిందా అప్పా? నీకు ఇనపడతాందా? నాకు సరింగా తెలీదు" అని అడుగుతున్నాడట. మెకానిక్కే అలా అడిగితే ఎవడు నిలబడతాడు? గిరాకీ పల్చబడింది. వీడియో చూసిన కూతురు ఏడ్చిందట. అల్లుడు ఎవరి దగ్గరో విచారించి, పరీక్ష గిరీక్ష ఏమీ లేకుండా చెవి మిషను ఒకటి కొనుక్కొచ్చి పెట్టాడట. ఆ మిషను కుయ్యిమని కూస్తుంటుందట, ఉస్తాద్ దాన్ని కూడా నమ్మి పెట్టుకు తిరుగుతున్నాడట. ఇవన్నీ వింటున్నప్పుడు నాకు బాధ కలగలేదు. నా మాట నిజమైందనే అనిపించింది.

ఆరేడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం తిని, పై గదిలో నెట్ చూస్తున్నాను. ఏ దేశం వాడో, నా వయసువాడే, తన గదిలో కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్నాడు. దొర గిటారు ఒక్కటే ఉన్న ఫైలు అని లోకమంతా వింటున్నది దొర వాయించింది కాదట. తాను వాయించిందట. సరదాకి పెట్టాడట. ఇంతమంది నమ్ముతారని అనుకోలేదట. ఎలా చేశాడో చూపిస్తానని కెమెరాను బల్ల మీదికి తిప్పాడు. బల్ల మీద డబ్బా ఉంది. నా డబ్బాయే. అదే రంగు, అదే తెర. దానిలో వాడు ఎంచుకున్న యాంప్లిఫయరు నేను ఎంచుకున్నదే.

వాడు వాయించి చూపించాడు. నా ఫోనులో ఉన్న ఫైలు తీసి పక్కన పెట్టి విన్నాను. అదే. చివర్లో వేలు జారిన చిన్న చప్పుడుతో సహా అదే.

మళ్ళీ విన్నాను, ఈసారి ఉస్తాద్ చెప్పింది గుర్తు పెట్టుకుని. తీగ మీటగానే సౌండు పలుకుతోంది. మింగడం లేదు. శానా తొందరగా ఉంది. చెవులకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వందసార్లు విన్న నాకు తెలియలేదు. ఎండలో, జనరేటరు మోత పక్కన, ట్రాక్టర్ల దగ్గర నిలబడి విన్న మనిషికి తెలిసింది. మూడుసార్లూ తెలిసింది. అది ఆయప్ప వాయించింది కాదని నా ముందుకొచ్చి చెప్పాడు కూడా.

వీడియో ఆపేశాను. ముందు ఆయన గుర్తుకు రాలేదు నాకు. ఇది ఇంకెవరైనా చూశారా అన్నదే ముందు వచ్చింది. కీబోర్డువాడు ఇంగ్లీషు వీడియోలు చూడడు. ఓనరుకు ఇవేవీ తెలియవు. ఎవరూ చూడలేదు. అది రూఢి చేసుకున్నాకే నాకు ఉస్తాద్ గుర్తొచ్చాడు.

చెప్పాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చెప్పాల్సింది ఎక్కడ? గ్రూపుల్లో పెట్టాలి. మైకులో అన్నది మైకులోనే వెనక్కి తీసుకోవాలి. ఓనరుకు చెప్పాలి. చెబితే మిక్సరు ఎవరిది? అయినా ఆ చెవి ఎప్పటికైనా పోయేదే గదా, అరవై దాటిన మనిషే గదా, రెండేళ్ళు ముందు ఇంటిపట్టున కూర్చుంటే కొంప మునిగిందేముంది? ఇలాంటి మాటలు నాకు నేను చాలా చెప్పుకున్నాను. మూడు వారాలు చెప్పుకున్నాను. చివరికి ఒక శుక్రవారం, కనీసం ఆయన ఒక్కడికైనా చెప్పి వద్దామని, డబ్బా, గిటారు, చిన్న స్పీకరు ఆటోలో వేసుకుని పాతబస్తీకి బయల్దేరాను.

అంగడి మూసి ఉంది. వెనకే ఇల్లు. ఆయన నమాజుకు పోయి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెవిలో మిషను. నన్ను చూసి మొహం విప్పారింది. నిజంగానే విప్పారింది, నా మీద కోపం పెట్టుకున్న మొహం కాదది.

"రాప్పా, రా. ఇంగా యాడికి పోయినాడో నన్ను మర్సి అనుకుంటాంటి. కూర్చో."

నేను కూర్చున్నాను. సామాను విప్పి వైర్లు కలపడం మొదలుపెట్టాను. ఆయన భార్య వంటింటి గడపలోంచి, "ఆయనకు ఇనపడదు నాయనా, కొంచిం గట్టిగా చెప్పు" అంది. ఆమె కూడా నమ్మింది.

"వాయించప్పా" అన్నాడు ఆయన.

వాయించాను. ఇదివరకులాగే ఆయన ఫ్యాను కట్టేయమంటాడని, గోడ వైపు తిరుగుతాడని ఎదురుచూశాను. తిరగలేదు. మిషను మీద వేలు పెట్టి ఏదో సరిచేసుకున్నాడు, అది కుయ్యిమంది. నేను వాయించినంతసేపూ ఆయన స్పీకరు వంక చూడలేదు. నా మొహం వంకే చూస్తున్నాడు. పరీక్ష రాసి వచ్చినవాడు రిజల్టు కోసం చూసినట్టు చూస్తున్నాడు. ఆ చూపు నేనెప్పటికీ మరవలేను. అలా చూసేలా చేసింది నేనే.

ఆ ముక్క అయిపోయింది. అది రాలేదని నాకు తెలుసు. ఆయన చెప్పిన గుక్క దానిలో లేదని ఇప్పుడు నాకు కూడా వినపడుతోంది. ఆయన నోరు విప్పి రాలేదప్పా అంటే, ఆ మాట పట్టుకుని మొత్తం చెప్పేద్దామని కాచుకుని ఉన్నాను. మీరు చెప్పిందే నిజం ఉస్తాద్, మీ చెవికేమీ కాలేదు, ఆ మిషను తీసేయండి. మాటలన్నీ వరుసగా పెట్టుకుని ఉన్నాను.

ఆయన కొంచెం ముందుకు వంగి, సిగ్గుపడుతున్నట్టు, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వే చెప్పప్పా. వచ్చిందా?"

ఆ క్షణంలో నేను ఏమైనా చెప్పొచ్చు. ఆయన మొత్తంగా నా చేతుల్లో ఉన్నాడు. నేను ఏది చెబితే అదే ఆయనకు వినపడుతుంది.

"వచ్చింది ఉస్తాద్" అన్నాను.

"వచ్చిందా!" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకు తెలీకపోయినా పోనీలే. నీకు వచ్చింది, అదే శానా" అని వంటింటి వైపు తిరిగి, గట్టిగా, నన్ను చూపిస్తూ కేకేశాడు. "ఏమే, ఇన్నావా? మనోనికి వచ్చిందంట! సాధించినాడు! నోరు తీపి చేయి."

ఆమె సంతోషంగా గిన్నెలో పాలసేమ్యా తెచ్చి ఇచ్చింది. నీలాంటి మంచి శిష్యుడు ఎవరికి దొరుకుతాడు నాయనా, అందరూ మర్సిపోయినా నువ్వు వస్తాండావు, అంది. బాగుందమ్మా అన్నాను. ఇంకొంచెం వేయనా అంటే గిన్నె చాపి వేయించుకున్నాను.